పెట్టె తెరిచేలోపు

హైదరాబాద్,
ఆగస్టు 10.

చి. మానసకు మావయ్య ఆశీస్సులు.

విశాఖ మెడ్‌టెక్ జోన్‌లో నీ ఉద్యోగం కుదురుకుందనీ, రాగానే ఏఈడీ, అంటే గుండె లయను తానే చదివి షాక్ ఇప్పించే డీఫిబ్రిలేటర్, దాని డిజైన్ పని నీ చేతిలో పెట్టారనీ మీ అమ్మ చెప్పింది. నువ్వు పంపిన బొమ్మలు చూశాను. పెట్టె అందంగా ఉంది. తెర పెద్దది, దాని మీద ఏడు భాషల జాబితా, మూల మీద ఫోన్ యాప్‌కి కలుపుకునే గుర్తు. మొహమాటం లేకుండా చెప్పమన్నావు కాబట్టి చెబుతున్నాను. ఫోన్‌లో అయితే రెండో మాటకే వాదనకు దిగుతావు, అందుకని ఉత్తరం.

నీ యంత్రం షాక్ ఇవ్వడం దగ్గర ఫెయిలవడం అరుదు. ఆ సంగతి పాతికేళ్ల కిందటే తేలిపోయింది. ఫెయిలైతే అంతకు ముందే అవుతుంది. పెట్టె ఎక్కడుందో కనిపించక, కనిపించినా తెరవొచ్చో లేదో తెలియక, తెరిచాక పరాయి మనిషి చొక్కా విప్పడానికి చెయ్యి రాక ఫెయిలవుతుంది. సీపీఆర్, అంటే ఛాతీ మీద నొక్కడం, అది కూడా లేకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం పడిపోతుందని నీకు తెలుసు. కాబట్టి నువ్వు డిజైన్ చేయాల్సింది పెట్టెను కాదనుకో. మనిషి కూలిపోయిన క్షణానికీ షాక్ బటన్ వెలిగే క్షణానికీ మధ్య ఉన్న ఆ కాస్త సమయాన్ని డిజైన్ చేయాలి.

చరిత్ర నీ పాఠాల్లో ఉన్నదే. అయినా ఒకసారి నా కళ్లతో చూడు. 1965లో బెల్‌ఫాస్ట్‌లో డాక్టర్ ఫ్రాంక్ పాంట్రిడ్జ్ డీఫిబ్రిలేటర్‌ని ఆస్పత్రి గడప దాటించాడు. కారు బ్యాటరీలతో నడిచే ఆ యంత్రం దాదాపు 70 కిలోలు. దాన్ని అంబులెన్స్‌లోకి ఎక్కించి, పక్కన డాక్టర్నీ నర్సునీ కూర్చోబెట్టాడు. యంత్రమైతే రోడ్డెక్కింది గానీ, షాక్ ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయం డాక్టర్ దగ్గరే ఉండిపోయింది. నేను ఉద్యోగంలో చేరేనాటికి మన ఆస్పత్రుల్లోనూ అంతే. పాడిల్స్‌కి జెల్లీ రాసి, తెర మీద గీత చూసి, డాక్టర్ గారు "అందరూ జరగండి" అంటేనే బటన్ నొక్కేవాళ్లు.

1970లలో అమెరికాలో, ఒరెగాన్‌లో, గుండె లయను తానే చదివి తానే షాక్ ఇచ్చే యంత్రం తయారుచేశారు. నిర్ణయం మొదటిసారి మనిషి చేతిలోంచి యంత్రంలోకి వెళ్లింది. అయితే దాని ఎలక్ట్రోడ్లలో ఒకటి రోగి నోట్లోకి వెళ్లాలి, రెండోది పొట్ట పైభాగాన పెట్టాలి. ఇంజనీరుకు అది చక్కటి పరిష్కారమే. ముక్కూ మొహం తెలియని మనిషి నోట్లో వేలు పెట్టమంటే రోడ్డు మీద ఎవడు పెడతాడమ్మా? ఛాతీకి అంటించే ప్యాడ్లు వచ్చాకే ఏఈడీ జనంలోకి రాగలిగింది. 1996లో ఫోర్‌రన్నర్ అనే యంత్రంతో, కరెంటు ఒకవైపు వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చే బైఫేజిక్ షాక్ వచ్చింది. పాత పద్ధతిలో 200 నుంచి 360 జూల్స్ పోయాల్సిన చోట 150తో పనైపోయింది. కెపాసిటర్ తగ్గింది, బ్యాటరీ తగ్గింది, భుజానికి తగిలించుకుని పరుగెత్తగలిగే పెట్టె అయింది. మరుసటి ఏడే అమెరికన్ ఎయిర్‌లైన్స్ విమానాల్లో పెట్టుకుంది. అక్కడితో కరెంటు లెక్కలు దాదాపు పూర్తి. అప్పటినుంచి మిగిలిందంతా మనిషి లెక్కే.

ఆ మనిషి లెక్క ఎంత బాగా కుదరగలదో రెండు ఉదాహరణలు చెబుతాను. 1999లో సియాటిల్‌లో ఆరో తరగతి పిల్లలు 15 మందికీ, అంబులెన్సుల్లో పనిచేసే సిబ్బంది 22 మందికీ బొమ్మ మీద ఒకే పరీక్ష పెట్టారు. గదిలోకి అడుగుపెట్టిన దగ్గర్నుంచి షాక్ ఇచ్చేదాకా సిబ్బందికి సగటున 67 సెకన్లు పట్టింది. అంతకుముందు ఏఈడీ ముట్టుకోని పిల్లలకు 90. తేడా 23 సెకన్లు. ప్యాడ్లు ఒక్కరూ తప్పుగా అంటించలేదు, షాక్ సమయంలో ఒక్కరూ ముట్టుకోలేదు. రెండోది షికాగో విమానాశ్రయాల సంగతి. రెండేళ్లలో అక్కడ గుండె ఆగిపోయిన 21 మందిలో 18 మందికి షాక్‌తో సరిచేయగలిగే లయ ఉంది. 11 మందిని నిలబెట్టారు. ఆ 11లో ఆరుగురిని కాపాడినవాళ్లకు ఏఈడీ వాడిన అనుభవం గానీ, శిక్షణ గానీ లేవు. వాళ్లలో ముగ్గురు డాక్టరు చదువు చదివినవాళ్లే, అది వేరే విషయం. డాక్టరైనా ఆ పెట్టె ముందు కొత్తవాడే అని నేను దానికి అర్థం చెప్పుకున్నాను.

ఇప్పుడు మన దగ్గరికి రా. విజయవాడ బస్టాండులో ఒకాయన కూలబడిపోయాడనుకో. మొదట ఏం జరుగుతుంది? పది మంది మూగుతారు. ఒకరు నీళ్లు చల్లుతారు, ఇంకొకరు నోట్లో పోయబోతారు. "గాలి ఆడనివ్వండి" అంటూనే మరో ఇద్దరు మీదికి వంగుతారు. గుండె ఆగిన తొలి క్షణాల్లో కొందరికి కాళ్లూ చేతులూ కొట్టుకుంటాయి. చూసినవాళ్లు ఫిట్స్ అనుకుని చేతిలో తాళాల గుత్తి పెడతారు. అంతకంటే పెద్ద చిక్కు ఎగశ్వాస. నోరు తెరుచుకుని, ఆగి ఆగి గురక లాంటి శబ్దం వస్తుంది. "ఊపిరి ఉంది, ఏం ఫర్లేదు" అంటారు. ఆ మాటతో నాలుగు నిమిషాలు పోతాయి. నీ పెట్టె గోడ మీద చల్లగా కూర్చుని ఉంటుంది, ఎందుకంటే దాని అవసరం వచ్చిందని ఎవరూ అనుకోలేదు.

అందుకే పెట్టె మీద రాసే మొదటి మాట యంత్రం గురించి ఉండకూడదు. మనిషి గురించి ఉండాలి: "పిలిస్తే పలకడం లేదా? మామూలుగా ఊపిరి తీయడం లేదా? తెరవండి." దాని పక్కన ఒక బొమ్మ. అంతే. మీ కంపెనీ గుర్తు, అవార్డు ముద్రలు, యంత్రం పూర్తి పేరు అన్నీ వెనక్కి తిప్పి అంటించు. డైరెక్టర్ గారు ఒప్పుకోరేమో, పోరాడు. ముందువైపు ఖాళీగా ఉండాల్సిన చోటు అది. ఆకుపచ్చ మీద తెల్లటి గుండె, దాని మధ్య మెరుపు ఉన్న అంతర్జాతీయ గుర్తును 2008లో ఖరారు చేశారు. దాన్ని మార్చి మీ సొంత కళ చూపించొద్దు. విమానాశ్రయంలో ఒకసారి చూసినవాడికి రైల్వే స్టేషన్‌లో గుర్తుకు రావాలంటే అన్నిచోట్లా ఒక్కటే ఉండాలి.

పెట్టె తలుపుకు తాళం వేసే ఏర్పాటు అసలు ఇవ్వకు. ఇస్తే వేస్తారు. ఒక పెద్ద షాపింగ్ మాల్‌లో ఏఈడీ అద్దాల బీరువాలో, మల్లెపూవులా మెరిసిపోతూ ఉండడం చూశాను. తాళం చెవి ఎక్కడని అడిగితే సెక్యూరిటీ సూపర్‌వైజర్ దగ్గరన్నారు, ఆయన రాత్రి డ్యూటీ. ఎవరైనా ఎత్తుకుపోతారనే వాళ్ల భయం అబద్ధం కాదు. దానికి షికాగోవాళ్లు చేసింది చూడు: తలుపు తెరిస్తే చాలు, అలారం మోగుతుంది, లైటు వెలుగుతుంది, సిబ్బందికి కబురు వెళుతుంది. దొంగను పట్టించేదీ అదే, సాయాన్ని పిలిచేదీ అదే. ఒక్క దెబ్బకు రెండు పనులు. ఇంకోటి, డెన్మార్క్‌లో కోపెన్‌హాగెన్ ఏఈడీలను పరిశీలిస్తే, బహిరంగ ప్రదేశాల్లో గుండె ఆగి, దగ్గర్లో ఏఈడీ ఉన్నవాళ్లలో కూడా, సాయంత్రాల్లో, రాత్రుల్లో, వారాంతాల్లో అయితే సగానికి పైగా మందికి అది అందే వీలు లేదు. ఉన్న భవనం మూసేసి ఉంది. కాబట్టి మీ సేల్స్ వాళ్లు ఆఫీసు లోపల రిసెప్షన్ పక్కన పెట్టమని సలహా ఇస్తుంటే, బయటి గోడకు పెట్టగలిగే బీరువా ఇవ్వడం నీ బాధ్యత. మన ఎండ సంగతి మర్చిపోకు. చాలా ఏఈడీలకు 50 డిగ్రీల దాకానే హామీ. రామగుండంలో మే నెలలో పడమటి గోడకు తగిలించిన అద్దాల బీరువా లోపల అంతకంటే ఎక్కువే ఉంటుంది. ప్యాడ్ల మీద జెల్ ఎండిపోతే ఎంత తెలివైన యంత్రమైనా గుడ్డిదే.

ఇక ఆ భాషల జాబితా. దాన్ని తీసెయ్యి. మూత తీయగానే యంత్రం మాట్లాడాలి, ఏ భాషలో మాట్లాడమంటారని అడగకూడదు. పెట్టేటప్పుడే ఆ ఊరి భాషను అమర్చండి. పక్కన ఒక్క పెద్ద బటన్ ఉంచండి, నొక్కితే రెండో భాష. పాతబస్తీలో ఉర్దూ, బరంపురం రైల్లో ఒడియా, ఎక్కడ ఏది అవసరమో మీరే ముందు ఆలోచించి పెట్టండి. ఆ ఆలోచన చేయాల్సిన బాధ్యతను చెమటలు పట్టి వణుకుతున్న మనిషి మీదకు తోయకండి. యాప్ కూడా అంతే. యంత్రం ఆరోగ్యం గురించి రాత్రిపూట మీ సర్వీస్ సెంటర్‌కి కబురు పంపడానికి దాన్ని ఎంతైనా వాడుకో. ప్రాణం కాపాడే దారిలో మాత్రం దానికి చోటు లేదు.

మాటల దగ్గర ఇంకా జాగ్రత్త. నువ్వు పంపిన తెలుగు వాక్యాలు ఇంగ్లీషు స్క్రిప్టును ముందు పెట్టుకుని రాసినవని చదవగానే తెలుస్తోంది. "రోగి యొక్క ఛాతీపై గల వస్త్రములను తొలగించండి" అని ఒకటుంది. వినేవాడు "రోగి యొక్క" దగ్గరే ఆగిపోతాడు. "చొక్కా తీసేయండి. రాకపోతే కత్తిరించండి" చాలు. చేయాల్సిన పని ముందు, వివరణ తర్వాత. ఒక మాటకు ఒకే పని. మంచి ఏఈడీలు మనిషి చేసే పనిని బట్టి నడుస్తాయి. ఫిలిప్స్ హార్ట్‌స్టార్ట్‌లో ప్యాడ్ ఊడదీసిందీ లేనిదీ యంత్రానికి తెలుస్తుంది, ఊడదీసేదాకా ఆ మాటే వేర్వేరుగా చెబుతుంది, తీశాకే ముందుకెళుతుంది. గడియారం చూసుకుని చెప్పుకుపోయే యంత్రం కంటే అది వెయ్యి రెట్లు నయం. మౌనం కూడా ప్రమాదమే. యంత్రం ఐదారు సెకన్లు మాట్లాడకపోతే చెడిపోయిందనుకుని మూత మూసేస్తారు. లయ చదువుతున్నప్పుడు కూడా "చూస్తున్నాను, ముట్టుకోకండి" అంటూ ఉండాలి.

అన్నిటికంటే ప్రమాదకరమైన వాక్యం నీ జాబితాలో పన్నెండో వరుసలో ఉంది: "షాక్ అవసరం లేదు." ఇది వినగానే మన జనం ఏమనుకుంటారో తెలుసా? ఊపిరి పీల్చుకుంటారు. "హమ్మయ్య, ఏం కాలేదట" అని లేచి నిలబడతారు. లేదా, పోయాడు కాబట్టి అవసరం లేదంటోందనుకుంటారు. రెండూ తప్పే. గీత నేలబారుగా సాగుతున్న గుండెకు షాక్ పనిచేయదు, నొక్కడం ఒక్కటే పనిచేస్తుంది. మన సినిమాల్లో గీత నేలబారుగా అయ్యాకే డాక్టర్లు పాడిల్స్ రుద్దుకుంటారు, ఆ పుణ్యం మన మీద ఇంకా ఎంతకాలం ఉంటుందో. అందుకని ఆ వాక్యాన్ని అక్కడ ఆపొద్దు. అదే ఊపిరిలో "గుండె మీద నొక్కడం ఆపకండి" అని రావాలి, వెంటనే నిమిషానికి 100 నుంచి 120 వేగంతో టిక్కు మోగడం మొదలవ్వాలి. షాక్ ఇచ్చాక కూడా ఇదే. 2005 మార్గదర్శకాల నుంచీ వరసగా మూడు షాకులిచ్చే పద్ధతి పోయింది. ఒక షాక్, వెంటనే రెండు నిమిషాల సీపీఆర్. కానీ షాక్ ఇవ్వగానే మనిషి కళ్లు తెరుస్తాడని అందరి నమ్మకం. తెరవకపోతే చేతులు వదిలేస్తారు. "ఇంకా లేవకపోయినా ఫర్వాలేదు, నొక్కండి" అని యంత్రం చెప్పి తీరాలి.

షాక్ బటన్ మనిషే నొక్కాలా, యంత్రమే ఇచ్చెయ్యాలా అని అడిగావు. పూర్తి ఆటోమేటిక్ నయమని చాలామంది అంటారు. చివరి క్షణంలో "నా చేత్తో చంపేస్తానేమో" అన్న భయం ఉండదు, నిజమే. అయినా నేను బటన్ వైపే ఉంటాను. మన దగ్గర పడిపోయిన మనిషిని ఎవరూ వదలరు. ఒకరు తల ఒళ్లో పెట్టుకుంటారు, ఒకరు అరికాళ్లు రుద్దుతుంటారు, భార్య చెయ్యి వదలదు. వదిలించే బాధ్యత ఒక్కరికి ఉండాలి, ఆ ఒక్కరి వేలు బటన్ మీద ఉండాలి. భయం సంగతికొస్తే, దానికి మందు ఒకటే మాట, అదీ మూత లోపలివైపే పెద్ద అక్షరాలతో: "అవసరం లేని మనిషికి ఈ యంత్రం షాక్ ఇవ్వదు." పోలీసు కేసు భయం కూడా ఉంటుంది. రోడ్డు ప్రమాదాల్లో ఆదుకున్నవాళ్లకు 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలో 134ఏ సెక్షన్ రక్షణ ఉంది. మిగతా సందర్భాల్లో, స్పృహలేని మనిషి మేలుకోసం మంచి మనసుతో చేసిన పనికి భారతీయ న్యాయ సంహిత 30వ సెక్షన్ ఉంది. కానీ సెక్షన్ల నంబర్లు మూత మీద రాయకు. రాస్తే, లేని భయం పుడుతుంది.

బట్టల దగ్గర నువ్వు ఆగి ఆలోచించాలి. ప్యాడ్ ఒంటికి అంటాలి, బట్టకు కాదు. పాశ్చాత్య దేశాల పరీక్షల్లో బొమ్మకు టీ షర్టు వేస్తారు. నువ్వు చీర కట్టించు, రవికె తొడుగు, కుర్తా వేయించు, బనియన్ వేయించు. పుస్తెలతాడు ప్యాడ్ కిందకు రాకూడదు, పక్కకు జరపాలి. తెంచమని మాత్రం యంత్రం చేత చెప్పించకు, ఎవరూ తెంచరు, అక్కడే ఆగిపోతారు. అలిపిరి మెట్లెక్కుతూ పడిపోయినవాడి ఒళ్లు చెమటతో తడిసి ఉంటుంది, తుడవకపోతే ప్యాడ్ జారిపోతుంది. కిట్‌లో తుండుగుడ్డ, కత్తెర, రేజర్ పెడతారు గదా, అవి ప్యాడ్ల కంటే ముందు చేతికి తగలాలి. అడుగున పెడితే ఎవరూ వెతకరు. ఆ కత్తెర రవికె హుక్కుల పక్కన, మందంగా ఉండే కుట్టును కూడా తెంచేంత గట్టిదై ఉండాలి. కాగితం కోసే బొమ్మ కత్తెర కాదు.

ఆడవాళ్ల విషయం ఇంకా కష్టం. ఇది మన ఒక్కళ్ల సమస్యే అనుకోకు. అమెరికాలో బహిరంగ ప్రదేశాల్లో గుండె ఆగిన మగవాళ్లలో 45 శాతం మందికి పక్కవాళ్లు సీపీఆర్ చేస్తే, ఆడవాళ్లలో 39 శాతం మందికే చేశారని ఒక పెద్ద పరిశీలన తేల్చింది. అక్కడే అంత సంకోచముంటే మన సంతలో ఎంత ఉంటుందో ఊహించుకో. కిట్‌లో ఒక పలుచని దుప్పటి పెట్టు. "ఇద్దరు ఆడవాళ్లు దుప్పటి అడ్డం పట్టండి" అని యంత్రం ఒక్కమాట చెబితే, చుట్టూ నిలబడి చూస్తున్నవాళ్లకు పని దొరుకుతుంది, చొక్కా విప్పబోయేవాడికి అనుమతి దొరుకుతుంది. శిక్షణ బొమ్మలకు కూడా ఆడమనిషి శరీరం ఉండాలని మీ వాళ్లతో గట్టిగా చెప్పు.

ప్యాడ్ల బొమ్మ దగ్గర ఒక మెలిక ఉంది. ఒకటి కుడి కాలర్‌బోన్ కింద, రెండోది ఎడమ చంక కింద పక్కటెముకల మీద. ఎవరి కుడి? బొమ్మ రోగికి ఎదురుగా నిలబడి చూసినట్టు గీస్తే, తలవైపు మోకాళ్ల మీద కూర్చున్నవాడికి అంతా తారుమారు. రెండు ప్యాడ్లు ఒకదాని చోట ఒకటి అంటించినా షాక్ పనిచేస్తుంది, అది పెద్ద నష్టం కాదు. అసలు నష్టం రెండోదాన్ని పొట్ట మీదకో, ఛాతీ మధ్యకో తెచ్చి అంటించడంలో ఉంది. రెండు ప్యాడ్ల మధ్య గుండె ఉండాలి గదా. జోల్ కంపెనీవాళ్లు రెండు ప్యాడ్లనూ మధ్యలో కలిపి ఒకే ముక్కగా చేశారు. మధ్య భాగాన్ని ఛాతీ ఎముక మీద ఉంచితే మిగతావి వాటంతటవే సరైన చోటికి వస్తాయి, ఎంత లోతుగా నొక్కుతున్నావో కూడా అదే చెబుతుంది. ఇష్టం లేకపోతే అలా చేయకు, కానీ ఎందుకు చేశారో ఒక పూట కూర్చుని ఆలోచించు.

ఏఈడీ కానిదాన్నుంచి కూడా నేర్చుకోవచ్చు. ఒంట్లో అలర్జీ విజృంభించినప్పుడు తొడకు గుచ్చే ఎపిపెన్ ఉంది గదా, దాని మూలం అమెరికా సైన్యంలో విషవాయువుకు విరుగుడుగా సైనికులు గుచ్చుకునే ఇంజెక్షన్. సైనికుడికి శిక్షణ ఉంటుంది. ఇంట్లో తల్లికి ఉండదు. పెన్ను ఆకారం చూసి, పైనున్న మూత తీయాలనీ, బొటనవేలుతో నొక్కాలనీ అనిపిస్తుంది. అలా నొక్కి సూది బొటనవేల్లోనే దింపుకున్నవాళ్లున్నారు. తర్వాత సూది ఉన్న కొస నారింజరంగు, పై మూత నీలంరంగు చేశారు. తప్పు మనిషిది కాదు, ఆకారానిది. ఆవి-క్యూ అనే ఇంకో ఇంజెక్షన్‌ని అలర్జీ ఉన్న కవల సోదరులే తయారుచేశారు. అదే మాట్లాడుతూ దారి చూపిస్తుంది, జేబులో పట్టే పేకముక్కల పెట్టెలా ఉంటుంది. జనానికి ఎంతో నచ్చింది. కానీ 2015 అక్టోబరులో మందు మోతాదు సరిగా రాకపోవచ్చన్న అనుమానంతో మొత్తం వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది, మళ్లీ మార్కెట్లోకి రావడానికి 2017 దాకా పట్టింది. బయట ఎంత మంచి మర్యాద నేర్పినా, లోపల నమ్మకం లేకపోతే పనికిరాదు. ఏఈడీలు మినహాయింపు కాదు. 2005 నుంచి 2014 సెప్టెంబరు దాకా వాటి వైఫల్యాల మీద అమెరికాలో మందులనూ వైద్య పరికరాలనూ నియంత్రించే ఎఫ్‌డీఏకి దాదాపు 72 వేల నివేదికలు వచ్చాయి. రోజూ తనను తాను పరీక్షించుకుని, దూరం నుంచి కనిపించేలా పచ్చగానో ఎర్రగానో చెప్పే చిన్న లైటు విషయంలో ఒక్క పైసా తగ్గించనివ్వకు.

మన దగ్గర పరిస్థితి మరీ చీకటిగా లేదు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 మొదలైనప్పుడు ఫోన్ చేస్తే అంబులెన్స్ వస్తుందని నమ్మినవాళ్లు తక్కువ. ఇప్పుడు పిల్లలకు కూడా ఆ నంబరు నోటికొచ్చు. 2023 ఫిబ్రవరిలో ఆరాంఘర్ దగ్గర బస్టాప్‌లో కూలిపోయిన మనిషికి ట్రాఫిక్ కానిస్టేబుల్ ఒకాయన సీపీఆర్ చేసి బతికించిన వీడియో రాష్ట్రమంతా చూసింది. ఆ తర్వాత ప్రభుత్వం పెద్ద ఎత్తున శిక్షణ మొదలుపెట్టింది. సాయం చేయాలనే మనసు మనవాళ్లలో కొదవలేదు. చేతిలో పెట్టే వస్తువే ఆ మనసుకు సరిపోయేలా లేదు.

ఇక పరీక్షలు. మీ ఆఫీసులోవాళ్ల మీద పరీక్షించకు, వాళ్లకు పెట్టె ఎటు తెరుచుకుంటుందో తెలుసు. ఇంజనీరింగ్ కాలేజీ పిల్లల మీదా వద్దు. బస్టాండులో టీ కొట్టు నడిపేవాణ్ని, పూలమ్మే చదువురాని ఆమెను, కళ్లద్దాలు ఇంట్లో మర్చిపోయిన రిటైర్డ్ గుమాస్తాని పిలువు. పగలు ఎండలో ఒకసారి, రాత్రి కరెంటు పోయినప్పుడు ఒకసారి చెయ్యి. పూర్తయ్యాక "ఎలా ఉందండీ?" అని అడగొద్దు. మనవాళ్లు మర్యాదకు "బాగుందమ్మా" అంటారు, నువ్వు సంతోషపడి రిపోర్టులో రాసుకుంటావు. వాళ్ల చెయ్యి మొదట ఎక్కడికి వెళ్లింది, ఎక్కడ ఆగింది, ఎప్పుడు నీ మొహం వైపు చూశారు, అవి మాత్రం రాసుకో. నీ వైపు చూసిన ప్రతి చోటా నీ డిజైన్‌లో ఒక కన్నం ఉన్నట్టే.

దసరాకి వస్తున్నావని మీ అమ్మ చెప్పింది. వచ్చేటప్పుడు షాక్ ఇవ్వని శిక్షణ యంత్రం ఒకటీ, బొమ్మా తీసుకురా. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కీ, ఇస్త్రీ చేసే అబ్బాయికీ, మీ అత్తయ్యకీ ఇద్దాం. ఒక్క షరతు. నువ్వు పక్కనే ఉండొచ్చు గానీ, బటన్ వెలిగేదాకా నోరు విప్పకూడదు.

ఆశీస్సులతో,
మీ మావయ్య